పెళ్లయిన కొత్తలో వ్యానులో తీరం వెంట: భీమిలి నుంచి పులికాట్ వరకు, సలహాలు కావాలి

తీరంవెంట

అందరికీ నమస్కారం. మాకు కార్తీక మాసంలో వివాహమైంది. తొలి సంక్రాంతికి కొత్త అల్లుడు అత్తవారింట ఉండక తప్పదు కనుక, పండుగ ముచ్చట తీరిన తరువాత జనవరి చివరలో బయలుదేరి, భీమునిపట్నం నుంచి పులికాట్ సరస్సు వరకు సముద్రతీరం వెంట వ్యానులో వెళ్లాలని ఇద్దరమూ అనుకున్నాము. మా మామగారి ఈకో వ్యాను ఇంట్లోనే ఉన్నది. దాని వెనుక సీట్లు తీసివేయించి, చెక్క మంచం బిగించి, ఒక చిన్న పొయ్యి పెట్టుకుంటే హోటళ్లతో పని లేకుండా రోజుకొక బీచిలో నిద్ర లేవవచ్చునని మా ఆలోచన.

ప్రస్తుతానికి భీమిలి, ఉప్పాడ, అంతర్వేది, మంగినపూడి, సూర్యలంక, కొత్తపట్నం, మైపాడు అని మజిలీలు వేసుకున్నాము. సెలవు రెండు వారాలకు లోపే. దారి ఎలా ఉంటుందో, రాత్రిపూట వ్యాను ఎక్కడ ఆపుకోవచ్చో, ఏది వదిలేసినా నష్టం లేదో ఆ దారిన తిరిగినవారు చెప్పగలరని కోరుతున్నాను.

కోనసీమ_కొబ్బరి

ముందుగా దంపతులిద్దరికీ శుభాకాంక్షలు. మీ మజిలీల పట్టిక చూస్తే, సముద్రం అంతటా కిటికీలో నుంచి కనిపిస్తూనే ఉంటుందని మీరు అనుకుంటున్నట్టు తోస్తున్నది. సముద్రాన్ని పక్కన పెట్టుకుని బండి నడిపే దారి మీకు భీమిలి, విశాఖల మధ్య ఒకసారి, ఉప్పాడ, కాకినాడల మధ్య మరొకసారి దొరుకుతుంది. ఆ తరువాత గోదావరి పాయలు, వాటి వెనుక కృష్ణ పాయలు అడ్డం వస్తాయి కనుక రోడ్డు లోపలికి తిరిగిపోతుంది. అన్నవరం దాటిన తరువాత కత్తిపూడి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిని వదిలి 216వ నంబరు రహదారి ఎక్కితే, పిఠాపురం, కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం, మచిలీపట్నం, అవనిగడ్డ, రేపల్లె, బాపట్ల, చీరాల మీదుగా వెళ్లి ఒంగోలు దగ్గర మళ్లీ 16లో కలుస్తారు. ఇంచుమించు 390 కిలోమీటర్ల ఈ దారిలో కనిపించేవి వరిచేలు, కొబ్బరితోటలు, చేపల చెరువులు, కాలువలు. సముద్రం చాలా తక్కువ. ప్రతి బీచికీ రహదారి దిగి పక్కకు వెళ్లాలి, చాలాచోట్ల అదే దారిన వెనక్కి రావాలి. ఏడు బీచిలనూ తాకి తీరాలంటే సెలవులో పెద్ద వాటా ఈ రాకపోకలకే ఖర్చవుతుంది.

నా మాట వింటే బీచిలను సగానికి సగం తగ్గించి, డెల్టాకు రోజులు ఎక్కువ ఇవ్వండి. కాకినాడ నుంచి యానాం వెళ్లే దారిలోనే కోరింగ మడ అడవి ఉన్నది. చెట్ల మధ్య చెక్కలతో వేసిన నడకదారి మీద, ఆటుపోట్లకు బురదలో నుంచి పైకి పొడుచుకువచ్చిన వేళ్లను చూస్తూ ఇద్దరూ తీరికగా నడవవచ్చు. యానాం దాటగానే ఎదుర్లంక వంతెన మీద గౌతమి, బోడసకుర్రు వంతెన మీద వైనతేయ, చించినాడ వంతెన మీద వశిష్ఠ ఒకదాని తరువాత ఒకటి ఎదురవుతాయి. దిండి దగ్గర పర్యాటక శాఖ వసతిగృహమూ పడవ ఇళ్లూ ఉన్నాయి.

అంతర్వేదిని మాత్రం వదలకండి. వశిష్ఠ సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర నిలబడితే, ఒకవైపు నీరు నిలకడగానూ మరొకవైపు అలలతోనూ ఉండటం కంటికి స్పష్టంగా కనిపిస్తుంది. అయితే మాఘ శుద్ధ దశమి నాటి రాత్రి స్వామివారి కల్యాణం, మరునాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం జరుగుతాయి. ఆ రోజుల్లో లక్షల జనం మధ్య మీ వ్యానుకు చోటు దొరకదు కనుక పంచాంగం చూసుకుని వెళ్లండి. తిరుగు దారిలో చించినాడ వంతెనకు రాకుండా సఖినేటిపల్లి రేవులో పంటు (బండ్లను ఏరు దాటించే పడవ) ఎక్కితే నేరుగా నరసాపురంలో దిగవచ్చు. ముందు చక్రాలు ఇనుప పలక మీదికి ఎక్కుతున్నప్పుడు పంటు మొత్తం ఒక పక్కకు ఒరుగుతుంది. పంటు మనిషి వేళ్లు ఆడిస్తూ జానెడు జానెడుగా ముందుకు రమ్మని, చేతిబ్రేకు వేసేదాకా అక్కడి నుంచి కదలడు. భయపడవలసిన పని లేదు, అది వారికి నిత్యకృత్యమే. పంటు నడుస్తున్నదో లేదో ముందే రేవులో వాకబు చేసుకోండి.

మరొక సంగతి. జనవరిలో ఎవరైనా పులస పులుసు అని బోర్డు పెడితే నమ్మవద్దు. పులస గోదావరికి కొత్తనీరు వచ్చిన తరువాత, ఆషాఢం నుంచి భాద్రపదం లోపల ఎదురీదుతూ వచ్చే చేప.

నాలుగుచక్రాలు

నేను వ్యాను గురించి మాత్రమే చెబుతాను. వెనుక సీట్లు తీసివేయించవద్దు. ఆర్సీలో ఎన్ని సీట్లు రాసి ఉంటే అన్ని ఉండాలి. బండి నిర్మాణంలో శాశ్వతమైన మార్పు చేయాలంటే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్సీలో నమోదు చేయించాలి. అనుమతి లేని మార్పులతో ప్రమాదం జరిగితే బీమా సంస్థ చెల్లింపుకు అడ్డం తిరగవచ్చు. వెనుక సీటును మడిచి, దాని మీద రెండు ముక్కలుగా విడిపోయే ప్లైవుడ్ పలక పరిచి, కింద మడత కాళ్లు పెట్టించుకుంటే ఏ బోల్టూ బిగించనక్కరలేదు. పగలు పలకను నిలువుగా ఆనించి తాడుతో కట్టేస్తే సరిపోతుంది. మీది సీఎన్‌జీ బండి అయితే వెనుక సిలిండరు చాలా చోటు తినేస్తుంది, ముందు టేపు పెట్టి కొలుచుకోండి.

బండి మీ మామగారి పేరున ఉన్నది కనుక ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం డిజిలాకరులో పెట్టుకోవడంతో పాటు, ఆయన ఫోను నంబరు అందుబాటులో ఉంచుకోండి. ఈ చర్చను చదివే ఇతరులకు ఒక మాట: అద్దెకు తీసుకుని సొంతంగా నడిపే బండికి నల్ల నంబరు పలక మీద పసుపు అక్షరాలు ఉండాలి. తెల్ల పలక ఉన్న బండిని ఎవరైనా అద్దెకు ఇస్తామంటే, ఎంత చవక అయినా వద్దనండి.

పొయ్యి సంగతి. వంట చేసేది వ్యాను బయటే. చలి అనో గాలి అనో అద్దాలు మూసి లోపల పొయ్యి వెలిగిస్తే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు, నిద్రలో ఉన్నవారు మళ్లీ లేవరు. ఇంజను ఆన్‌లో ఉంచి ఏసీ వేసుకుని నిద్రపోవడం కూడా అంతే ప్రమాదకరం. రెండు కిటికీలకు నైలాన్ దోమతెర కొలతకు కుట్టించి, అంచుల్లో అయస్కాంతం ముక్కలు పెట్టించుకోండి. డెల్టాలో దోమతెర లేని రాత్రి పెళ్లికొడుకు ఓర్పుకు పెద్ద పరీక్ష.

ఇసుకలోకి బండి దింపవద్దు. ఈకోకు వెనుక చక్రాలకే శక్తి అందుతుంది, పొడి ఇసుకలో రెండు నిమిషాల్లో ఇరుసు దాకా దిగబడుతుంది. అప్పుడు పల్లెలో ట్రాక్టరు కోసం వెతుక్కోవాలి. ఉప్పు గాలి వల్ల అడుగు భాగం తుప్పు పడుతుంది కనుక తిరిగి రాగానే కింద నుంచి మంచినీళ్లతో కడిగించండి.

గాలివాటం

అందరూ కలిసి కొత్త దంపతులను బెదిరిస్తున్నట్టున్నది. వాళ్లు వెళ్తున్నది తనిఖీకి కాదు, విహారానికి. భీమిలి దారిలోనూ, రేవుపోలవరంలోనూ రాత్రి నక్షత్రాల కింద పడుకున్నవారు ఎందరో ఉన్నారు. హోటలు గదిలోనే పడుకునేటట్టయితే వ్యాను ఎందుకు, కారు సరిపోదా? బీచి పక్కన నిద్రలేవడం అనే ఒక్క కోరికను కూడా తీసేస్తే ఈ ప్రయాణంలో మిగిలేదేమిటి?

గడపదాటినమ్మ

గాలివాటం గారూ, మీరు మగవారు కనుక మీకు తట్టని సంగతి ఒకటి చెప్పాలి. రాత్రి పదకొండు గంటలకు ఆడమనిషికి మరుగుదొడ్డి అవసరమైతే నక్షత్రాలు ఉపయోగపడవు. మా వారూ నేనూ ఈ తీరమంతా వ్యానులో తిరిగినవాళ్లమే, ఇప్పటికీ తిరుగుతున్నవాళ్లమే. మేము మజిలీ నిర్ణయించేది ముందుగా మరుగుదొడ్డిని బట్టి, తరువాత వెలుతురును బట్టి, ఆ తరువాతే దృశ్యాన్ని బట్టి.

తీరంవెంట గారూ, మీకు పనికివచ్చేవి మూడు రకాల చోట్లు. పర్యాటక శాఖ హరిత వసతిగృహాల ఆవరణల్లో గది తీసుకోకపోయినా, అక్కడే భోంచేసి, మేనేజరుతో మర్యాదగా మాట్లాడితే కొన్నిచోట్ల వ్యాను నిలుపుకోనిస్తారు. కుదరదంటే వాదించకుండా గది తీసుకోండి. పుణ్యక్షేత్రాల్లో దేవస్థానం సత్రాల దగ్గర రాత్రంతా జనసంచారమూ, స్నానపు గదులూ ఉంటాయి. జాతీయ రహదారి మీద లారీలు ఆగే పెద్ద పెట్రోలు బంకులు మూడవవి. అక్కడ చప్పుడు ఎక్కువే అయినా మరుగుదొడ్లు, కాపలా, దీపాలు ఉంటాయి. ఊరికి దూరంగా ఖాళీ బీచిలో మాత్రం వద్దు. మత్స్యకార పల్లెల దగ్గర ఆగవలసి వస్తే ముందుగా ఊరి పెద్దకో, పక్కనే ఉన్న మెరైన్ పోలీసు స్టేషనులోనో చెప్పండి. తీరంలో తెలియని బండి రాత్రంతా నిలబడి ఉంటే వారు అనుమానించడంలో తప్పు లేదు. భార్యాభర్తలమని ఎవరికీ రుజువు చూపనక్కరలేదు గానీ, గుర్తింపు కార్డులతో పాటు పెళ్లి నమోదు పత్రం ఫోనులో ఉంటే అనవసరమైన సంభాషణ రెండు నిమిషాల్లో ముగుస్తుంది.

బీచి దగ్గర నిద్రలేవాలన్న ముచ్చట తీరాలంటే తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి బండి తీయండి. ఊర్లో పడుకుని బీచిలో సూర్యోదయం చూడటానికి అరగంట దారి అడ్డం కాదు. మన సముద్రం తూర్పున ఉన్నది కనుక ఆ సౌకర్యం మనకు ఎలాగూ ఉన్నది.

తీరంవెంట

అందరికీ కృతజ్ఞతలు. గాలివాటం గారి మాట మా వారి మనసులోని మాట, గడపదాటినమ్మ గారి మాట నా మనసులోనిది. ఇద్దరి మాటలూ మా ఇంట్లో చదివి వినిపించాను, ప్రస్తుతానికి మరుగుదొడ్డి పక్షం గెలిచింది. మంచం విషయంలో నాలుగుచక్రాలు గారు చెప్పినట్టు పలకకే ఒప్పుకున్నాము.

కొత్తగా ఒక సంగతి తేలింది. దారిలో అన్నవరం ఉన్నది కనుక అక్కడ సత్యనారాయణ వ్రతం చేసుకోకుండా వెళ్లడానికి వీల్లేదని మా అత్తగారు అంటున్నారు. విశాఖ నుంచి తెల్లవారుజామున బయలుదేరితే వ్రతం చేసుకుని అదే రోజు కాకినాడ చేరుకోగలమా? అలాగే, చీరలు కొనకుండా ఎలా వస్తావని మా అమ్మ అడుగుతున్నది. ఉప్పాడలో ఆగడం అందుకేనని ఆమెకు ఇంకా చెప్పలేదు.

బందరు_బాబాయి

అమ్మాయీ, విశాఖ నుంచి అన్నవరం నూరు కిలోమీటర్ల పైచిలుకు, అక్కడి నుంచి కాకినాడ యాభైకి అటూ ఇటూ. ఉదయం వ్రతం పీటల మీద కూర్చుంటే సాయంత్రానికి నిశ్చింతగా కాకినాడలో ఉంటారు. కాకపోతే మాఘమాసం పెళ్లిళ్ల కాలం, కొత్త జంటలన్నీ అప్పుడే కొండెక్కుతాయి. ఏకాదశి, పౌర్ణమి తప్పించి వారం మధ్యలో వెళ్లండి. విస్తరాకులో కట్టి ఇచ్చే గోధుమనూక ప్రసాదం రెండు పొట్లాలు ఎక్కువ తీసుకోండి, వ్యానులో మరునాటి ఫలహారం అదే అవుతుంది.

పిఠాపురం నుంచి ఉప్పాడ దిగి, జాందానీ నేత చూసి, బీచి రోడ్డు మీదుగా కాకినాడ వెళ్లవచ్చు. ఆ చీరకు 2009లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మగ్గం దగ్గర కూర్చుని చూస్తే, పువ్వు వచ్చే చోటల్లా విడి దారాన్ని చేత్తో అల్లడం కనిపిస్తుంది; ధర ఎందుకంత ఉంటుందో మీ వారికి అప్పుడు మీరు వివరించనక్కరలేదు. ఇక ఆ బీచి రోడ్డు ఏటా తుపానులకు కోసుకుపోతూ, మళ్లీ వేయించుకుంటూ ఉంటుంది. వెళ్లే ముందు ఊర్లో అడగండి, తెగి ఉంటే పిఠాపురం మీదుగానే వెళ్లండి.

ఇప్పుడు మా వైపు. మంగినపూడిని చూసి తెల్లని ఇసుక లేదని నిరాశపడవద్దు, అక్కడిది నల్లమట్టి నేల. నా లెక్కన అక్కడ గంటకు మించి అవసరం లేదు. ఆ సమయాన్ని పెడనకు ఇవ్వండి. చెక్క అచ్చులతో గుడ్డ మీద కలంకారీ అద్దే పని అక్కడ ఇంటింటా జరుగుతుంది. పనివాడు అచ్చును రంగులో ముంచి, అంచు సరిచూసి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దుతాడు. రెండవ అచ్చు మొదటిదానితో ఎక్కడ కలిసిందో వెతికినా కనిపించదు. బందరు లడ్డుకు కూడా 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, దాని గురించి నేను చెబితే సొంత ఊరి డప్పు అంటారు కనుక తిని చూడండి.

బందరు దాటి దివిసీమలోకి వెళ్తారు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనకు ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన నేల అది. అవనిగడ్డ, కోడూరు వైపు అరవై దాటిన వారెవరితోనైనా టీ కొట్టు దగ్గర కూర్చుంటే, అడగకుండానే ఆ రాత్రి సంగతి చెబుతారు. హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయం చూసుకుని, పాలకాయతిప్ప మీదుగా కృష్ణ సముద్రంలో కలిసే చోటికి వెళ్లండి. సాయంత్రమైతే లోపలికి వదలరు కనుక ఉదయమే వెళ్లాలి. మాఘ పౌర్ణమికి అక్కడ సముద్రస్నానాల రద్దీ చాలా ఎక్కువ. తిరిగి వచ్చి పులిగడ్డ, పెనుమూడి వంతెన దాటితే రేపల్లె, అక్కడి నుంచి బాపట్ల.

గాలివాటం

బాబాయి గారూ, దివిసీమ మాట మీరు చెప్పిన తరువాత నేను కూడా వెళ్లాలనుకుంటున్నాను. నా అభ్యంతరం మాత్రం అలాగే ఉన్నది: ఒక్క రాత్రి అయినా సముద్రపు హోరు వింటూ పడుకోవాలి. సూర్యలంకలో హరిత వసతిగృహం తీరాన్ని ఆనుకునే ఉన్నది కనుక, గడపదాటినమ్మ గారి షరతులన్నీ అక్కడ నెరవేరుతాయి.

గడపదాటినమ్మ

ఒప్పుకుంటున్నాను. శని, ఆదివారాలు తప్పించమని మాత్రం చెప్పండి.

సముద్రపు_తాబేలు

సూర్యలంక పేరు వచ్చింది కనుక నా మాట. మీరు వెళ్తున్న కాలంలోనే ఆలివ్ రిడ్లే తాబేళ్లు మన తీరంలో గుడ్లు పెట్టడానికి రాత్రిపూట ఒడ్డుకు వస్తాయి. తల్లి తాబేలు వెనుక కాళ్లతో ఇసుకలో కూజా ఆకారపు గుంత తవ్వి, నూరుకు అటూ ఇటూ గుడ్లు పెట్టి, మళ్లీ ఇసుక కప్పి, తన బరువుతోనే దాన్ని అదిమి వెళ్లిపోతుంది. సుమారు ఏడు వారాలకు పిల్లలు బయటికి వచ్చి, ఎక్కువ వెలుతురు ఉన్న దిక్కే సముద్రమని అటు నడుస్తాయి. అందుకే తీరానికి ఎదురుగా వ్యాను హెడ్‌లైట్లు వేసి ఉంచడం, మంట పెట్టుకోవడం, ఇసుక మీద బండి నడపడం ఎంత మాత్రమూ మంచివి కావు. తాబేలు కనిపిస్తే ఫ్లాష్‌తో ఫోటో తీయకుండా, వెనుక వైపు దూరంగా కదలకుండా కూర్చోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్న జీవి అది. గుడ్లను తాకడం కూడా నేరమే.

స్నానాల గురించి కూడా. సూర్యలంక, చీరాల దగ్గరి రామాపురం, వాడరేవు చూడటానికి మెత్తగా కనిపించినా, అలలు విరగకుండా నీరు మట్టి రంగులో లోపలికి లాగే చోట్లు ఉంటాయి. అటువంటి చోట చిక్కుకుంటే ఒడ్డు వైపు ఎదురీదవద్దు, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది బయటపడాలి. గస్తీ సిబ్బంది ఉన్న చోటే, మోకాలి లోతు దాటకుండా దిగండి.

తీరంవెంట

ఈ చర్చ చదివిన తరువాత మా పట్టిక మారింది. విశాఖ దగ్గర భీమిలిలో డచ్చి వారి సమాధులు, ఎర్రమట్టి దిబ్బలు చూసి, మరునాడు అన్నవరంలో వ్రతం, ఉప్పాడ మీదుగా కాకినాడ. కోరింగ, యానాం చూసుకుని దిండిలో రెండు రాత్రులు. అంతర్వేది నుంచి పంటు మీద నరసాపురం, పెడన మీదుగా బందరు. హంసలదీవి చూసి బాపట్ల చేరి, సూర్యలంకలో ఒక రాత్రి సముద్రపు హోరు, ఇది మా వారి వాటా. కొత్తపట్నం, మైపాడు తీసివేశాము. చివరగా నెల్లూరులో చేపల పులుసు తిని, సాయంత్రం నేలపట్టు పక్షుల కేంద్రం, చీకటిపడేలోగా పులికాట్ అనుకుంటున్నాము. చివరి రోజు గురించి నెల్లూరు వారెవరైనా చెబితే మేలు.

సింహపురి_వాసి

చివరి రోజును తలకిందులు చేయండి. నెల్లూరు భోజనం ముందు రోజు రాత్రికి మార్చి, తెల్లవారకముందే బయలుదేరి, దొరవారిసత్రం దగ్గర దిగి నేలపట్టు వెళ్లండి. చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కట్టి, పిల్లలకు మేత తెచ్చే కాలం అది. ఎండ ముదరకముందు అవి లేచి వెళ్లడం, తిరిగి రావడం చూడవచ్చు. బైనాక్యులర్ తప్పకుండా తీసుకువెళ్లండి. అక్కడి నుంచి సూళ్లూరుపేట దగ్గరే. పేటలో టిఫిను చేసి శ్రీహరికోట రోడ్డు ఎక్కితే, కొంతదూరం పులికాట్ సరస్సు మధ్యలో నుంచే వెళ్తారు, రెండువైపులా లోతు లేని నీటిలో రాజహంసలు (ఫ్లెమింగోలు) గుంపులుగా మేస్తూ కనిపిస్తాయి. నీటి మట్టాన్ని బట్టి అవి ఒక్కొక్క ఏడు రోడ్డుకు దగ్గరగా, ఒక్కొక్క ఏడు దూరంగా ఉంటాయి. సూళ్లూరుపేటలో పక్షుల పండుగ సాధారణంగా ఈ కాలంలోనే చేస్తారు, ఆ రోజుల్లో పడితే గదులు దొరకవు.

శ్రీహరికోటలోని షార్ రాకెట్ కేంద్రంలోకి అనుమతి లేకుండా వెళ్లనివ్వరు. మీ ప్రయాణంలో రాకెట్ ప్రయోగం పడితే మాత్రం, 2019లో ప్రారంభమైన సందర్శకుల గ్యాలరీకి ముందుగా ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకుంటే కూర్చుని చూడవచ్చు. సరస్సు రోడ్డు మీద పక్షుల కోసం ఆగేటప్పుడు వ్యానును తారు మీద ఉంచకుండా పూర్తిగా అంచుకు తీసి ఆపండి. ఉద్యోగుల బస్సులు ఆ దారిలో వరుసగా వస్తుంటాయి.